నది తవ్వని లోయ

పులిహోర మోయడానికి ఒక మనిషి కావాల్సి వచ్చి లక్ష్మీనారాయణ గారు నన్ను అడవికి తీసుకెళ్లారు. అంతకుమించి నాలో ఆయనకేమీ కనిపించలేదు.

అది 2007 నవంబరు. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మా డీడీఏ ఫ్లాట్ల గేటు దగ్గర నేను వాచ్‌మన్‌ని. వచ్చే కారుకి గేటు తీయడం, పోయిన కారు వెనక గేటు వేయడం. పదిహేడేళ్లుగా అదే పని. ఈలోపు ఆ గేటులోంచి పిల్లలు స్కూళ్లకు వెళ్లారు, కాలేజీలకు వెళ్లారు, సొంత కార్లు కొనుక్కుని తిరిగొచ్చి నా మీదే హారన్ కొట్టారు. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి ఈ మాత్రం దొరకడమే ఎక్కువని మా ఆవిడ గౌరి అంటుంది. ఎక్కువో తక్కువో, నాకు మాత్రం ఆ గేటు చప్పుడు వింటే ఒళ్లు మండేది.

లక్ష్మీనారాయణ గారు మా సొసైటీ సెక్రటరీ. కేంద్ర ప్రభుత్వంలో ముప్పై నాలుగేళ్లు నీళ్ల ఫైళ్లు చూసి రిటైరయ్యారు. రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులు వస్తే డాక్టరు నడవమన్నాడు. ఆయన ఒక్కరే నడిచే మనిషి కాదు. తెలుగువాళ్లనందరినీ పోగేసి నడక సంఘం పెట్టారు.

"ఏమయ్యా బాలప్పా, ఆదివారం ఖాళీయేనా?"

"గేటు ఖాళీగుంటది సార్. నాకేడ ఖాళీ?"

"గేటుకి ఇంకొకళ్లని పెడతానులే. పదిమందిమి ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం. టిఫిన్ల బుట్ట, నీళ్ల క్యాన్లు మోయడానికి గట్టి మనిషి కావాలి."

"యాడికి సార్?"

"భట్టీ అడవికి. అక్కడ బ్రహ్మాండమైన లోయ ఉందటయ్యా. ఢిల్లీలో ఉంటూ ఇన్నేళ్లూ చూడనేలేదు మనం!"

నేను గేటు గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేశాను.

గదిలోకి వెళ్లేసరికి గౌరి పిండి కలుపుతోంది. రెండు ఫ్లాట్లలో వంట చేసొచ్చి మళ్లీ మాకు చేస్తుంది.

"ఏ జాగ అన్నడు?"

"భట్టీ."

"మన భట్టీనా?" పిండిలో ఆమె చెయ్యి ఆగింది. "పోయిరా. ఎట్లుందో సూసి నాకు జెప్పు. పిల్లకు మాత్రం జెప్పకు."

పిల్లంటే మా నేహా. పన్నెండో తరగతి. ఢిల్లీలో పుట్టింది, పేరు కూడా ఆస్పత్రిలో నర్సు పెట్టింది. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలో ఇస్తుంది. ఈ ఉద్యోగానికి ముందు ఏం చేసేవాళ్లని అడిగితే "కంపెనీ పని" అని చెప్పాం. తట్టలు మోశాం, గుంతలు తవ్వాం అని చెప్పడానికి నోరు రాలేదు. అసలే పిల్ల స్నేహితుల ముందు నా పక్కన నిలబడేది కాదు.

ఆదివారం పొద్దున్నే వ్యాన్‌లో బయల్దేరాం. అడవి గేటు దగ్గర దిగాక రెండు గంటల నడక. నా కాలంలో లారీలు తిరిగిన దారి ఇప్పుడు కాలిబాటైంది. రెండు పక్కలా సర్కారు తుమ్మ. పొదల్లోంచి నెమళ్లు అరుస్తున్నాయి. లక్ష్మీనారాయణ గారి భార్య సుభద్రమ్మ పట్టుచీర మీద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకొచ్చింది. గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఉమాశంకర్ మెడలో పెద్ద కెమెరా. కోతులు నాతో పాటే నడిచాయి. వాటికి నా మొహం అక్కర్లేదు, నా బుట్ట కావాలి. మొదటి మలుపులోనే అప్పడాల కవరు పోయింది.

"పోతే పోనీయండి, ఆంజనేయస్వామి తిన్నాడు," అంది సుభద్రమ్మ. రెండో మలుపులో వడలు పోయాయి. అప్పుడు మాత్రం, "వీటి దుంపతెగ!" అంది.

చివరి చడావు ఎక్కి అందరూ ఒక్కసారి ఆగిపోయారు. కాళ్ల ముందు నేల అయిపోయింది. కింద లోయ. ఎర్రటి గోడలు, వాటి మీద పసుపుపచ్చ పట్టీలు, అడుగున నీలం నీళ్లు. ఆ నీళ్ల మధ్యలో తాడిచెట్టంత ఎత్తున ఒక దిబ్బ ఒంటరిగా నిలబడి ఉంది. దాని నెత్తి మీద మూరెడు గడ్డి.

"చూడండి!" లక్ష్మీనారాయణ గారు చేతికర్ర ఎత్తారు. "లక్షల సంవత్సరాల క్రితం ఇక్కడొక నది ప్రవహించింది. ఈ లోయంతా అది కోసిందే. గోడల మీద ఆ గీతలు చూశారా? నీటి ఒరవడికి పడ్డవి. మధ్యలో ఆ స్తంభం చుట్టూ ఉన్న మెత్తటి మట్టి కొట్టుకుపోయి, గట్టి శిల మిగిలింది. తపస్సు చేసుకునే మునిలా లేదూ? దీనికి మునిశిల అని పేరు పెడుతున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. సుభద్రమ్మ బూట్లు విప్పి, కొంగు కప్పుకుని, దిబ్బకు నమస్కారం చేసింది.

నాకు దగ్గు వచ్చింది. దగ్గు కాదు, నవ్వు. బుట్ట వెనక్కి తిరిగి కూర్చున్నాను.

ఆ గీతలు మా గడ్డపారలవి. మట్టి పనికి కొలతే ప్రాణం. ఎంత లోతు తవ్వామో ఓవర్సీరుకి తెలియాలంటే, పాత నేల ఎంత ఎత్తులో ఉండేదో కనబడాలి. అందుకని గుంత మధ్యలో ఒక దిబ్బను ముట్టుకోకుండా వదిలేస్తాం. దాని మీది గడ్డి కూడా పీకం. మా పాలమూరు గుంపులో దాన్ని సాక్షి అనేవాళ్లం. చుట్టూ నేల దిగిపోతుంటే అది పెరుగుతున్నట్టు కనబడుతుంది. ఆఖరి కొలత అయ్యాక దాన్నీ కొట్టేస్తాం. 1990లో సర్కారు ఇక్కడి గనులు మూసేసిన నాటికి మా గుంతకు కొలత కాలేదు. సాక్షి అలాగే నిలబడిపోయింది. వానలు గుంతను నింపాయి, అడవి చుట్టూ మొలిచింది. ఇప్పుడు మా సాక్షి మునయ్యాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నేహా ట్యూషన్‌కి వెళ్లింది. గౌరికి చెప్పాను.

"మొక్కిండ్రా?"

"సుభద్రమ్మ అయితే బూట్లు ఇప్పి మరీ మొక్కింది."

"మన సాక్షికి?"

"మునిశిల అను. పాపం తగుల్తది."

గౌరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "ఓర్నాయనో! దాని మీద రెండు గడ్డిపోచలు పీకిననని మీ నాయిన నన్ను గుంపు మొత్తం ముందట తిట్టలే? యాదుందా? పెండ్లయి వారం గాలే!" అని నేల మీద కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో. నేను పక్కన కూర్చుని మళ్లీ మొదట్నుంచి చెప్పాను, సుభద్రమ్మ బూట్ల లేసులు విప్పడంతో సహా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాం. మొదట్లో తిట్టుకుంటూ వెళ్లాను. డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం బుట్ట ముందే కడిగి ఆరబెట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, నాకు వెళ్లాలనుందని. పొగమంచు విడిచేసరికి లోయ అంచున ఉండాలంటే ఏ దారిన పోవాలో నాకు తెలుసు. ఎక్కడ అంచు గట్టిదో, ఎక్కడ కింద తొలిచేసి పైన పెచ్చు మాత్రమే మిగిల్చామో నాకు తెలుసు. "అటు వద్దు సార్, ఇటు నిలబడుండ్రి," అంటే అందరూ ఇటు నిలబడేవారు. ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. పల్లెటూరివాడు కదా, తెలుస్తుందిలే అనుకుని ఉంటారు.

మూడో వారం నుంచి నేహా కూడా రావడం మొదలుపెట్టింది. నా కోసం కాదు. ఉమాశంకర్ భార్య ప్రీతి దగ్గర బైనాక్యులర్స్ ఉన్నాయి. మా పిల్ల వాటిని కళ్లకు పెట్టుకుందంటే ఇక దించదు. నెల తిరిగేసరికి ఏ పిట్ట పేరు అడిగినా చెప్పేది. కొండ మీదికి అందరికంటే ముందు తనే ఎక్కేది.

"ఈ పిల్లకి భయం లేదే!" అనేది సుభద్రమ్మ ఆయాసపడుతూ.

"ఆంటీ, హాథ్ దీజియే," అని కిందికి చెయ్యి చాపేది నేహా.

జనవరిలో లక్ష్మీనారాయణ గారు నన్ను పక్కకు పిలిచారు.

"రేంజర్ సాబ్‌తో మాట్లాడాను. ఆదివారాలు జనాన్ని ఈ వ్యూ పాయింట్‌కి తీసుకురావడానికి అడవి ఆఫీసువాళ్లు ఒక గైడును పెట్టుకుంటారట. వారంలో మిగతా రోజులు చెక్‌పోస్టులో పని. నీ పేరు చెప్పాను."

"నా పేరా సార్?"

"నీకంటే బాగా దారి తెలిసినవాడెవడయ్యా? అయితే వచ్చినవాళ్లకి నాలుగు మాటలు చెప్పాలి. నేను హిందీలో కరపత్రం రాశాను. కంఠతా పట్టేయ్. ఫిబ్రవరి ఆఖరు ఆదివారం రేంజర్ ముందు అప్పజెబితే చాలు, ఉద్యోగం నీదే."

మంచి మనిషే. నా గురించి ఇంకొకరికి చెప్పినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. గేటు వదిలి బయటపడే దారి నాకు అదొక్కటే కనబడింది. రాత్రులు నిద్రలో కూడా ఆ కొండ ఎక్కాను. ఇంతగా కోరుకున్నది ఇంకేదీ లేదు నా బతుకులో. కోరుకున్నవి అందలేదు కాబట్టి కోరుకోవడం మానేసిన మనిషిని నేను.

నేహా బేర్ సరాయ్ బజారుకి వెళ్లి కరపత్రాన్ని పెద్ద అక్షరాల్లో జిరాక్స్ తీయించుకొచ్చింది. నాకు తెలుగు చదవడం వచ్చు, హిందీ రాదు. అది చదువుతుంటే నేను వెనకే పలకాలి. పంతులమ్మ అయిపోయింది.

"పాపా, ఫిర్ సే. లాఖోఁ సాల్ పహలే..."

"లాఖోఁ సాల్ పహలే యహాఁ ఏక్ నదీ బహతీ థీ."

"బహతీ థీ. హాథ్ దిఖాకే బోలో, పాపా. ఐసే."

నేను చెయ్యి చాపి నది చూపించాను. పొయ్యి దగ్గర్నుంచి గౌరి, "ఆ నది నెత్తిన తట్ట ఉండెనా, సుట్టకుదురు ఉండెనా, అడుగు," అంది.

"క్యా మమ్మీ?"

"ఏం లేదు బిడ్డా. పప్పు మాడుతున్నది."

నేహా మళ్లీ కాగితంలోకి తలదూర్చింది. గౌరి నా వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం పకపకా నవ్వేసేవాళ్లం.

ఫిబ్రవరి ఆఖరు ఆదివారం నాతో పాటు పక్క గ్రామం నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. రేంజర్ లావుపాటి మనిషి, మెత్తని గొంతు. సంఘం వాళ్లంతా వచ్చారు. నేహా నా ఇస్త్రీ చొక్కా కాలరు సరిచేసి, కరపత్రం పట్టుకుని పక్కన నిలబడింది. పక్కనే, అందరూ చూస్తుండగా.

నేను బాగానే చెప్పాను. లక్షల సంవత్సరాలు చెప్పాను. నది చెప్పాను, చెయ్యి చాపి మరీ చెప్పాను. లక్ష్మీనారాయణ గారు ఒక్కో వాక్యానికీ తల ఊపుతున్నారు. రేంజర్ సంతోషించాడు. చేతికర్రతో దిబ్బను చూపించి, "ఔర్ వో ఖంభా?" అన్నాడు.

మునిశిల అనే మాట నా నాలుక మీదే ఉంది. అది ఒక్కటి అంటే అయిపోతుంది. దిబ్బ వైపు చూశాను. ఆ పొద్దున గాలి ఉంది. దాని నెత్తి మీద గడ్డి ఊగుతోంది.

"వో హమారా హై, సాబ్," అన్నాను.

"హమారా మత్‌లబ్?"

మాదంటే మాదే అని చెప్పాను. పాత నేల అంత ఎత్తున ఉండేదని, చుట్టూ ఉన్నది మేం దించామని, కొలత కోసం దాన్ని వదిలామని చెప్పాను. కరపత్రంలో లేని హిందీ అది, పనిలో నేర్చుకున్నది, తడుముకోకుండా వచ్చింది. తూర్పు గోడ మీద గీతలు ఏటవాలుగా ఉంటాయి, అవి మా నాయన గుంపువి, ఆయన ఎడమచేతివాటం కాబట్టి ఆయన వెనక నిలబడిన వాళ్లందరూ అలాగే కొట్టడం నేర్చుకున్నారు, పడమటి గోడ మీద గీతలు నిటారుగా ఉంటాయి, చూసుకోండి అన్నాను.

ఉమాశంకర్ కెమెరాలోంచి తూర్పు గోడ చూశాడు, పడమటి గోడ చూశాడు. "అవును అంకుల్," అన్నాడు మెల్లగా.

"ఏమంటున్నావయ్యా?" లక్ష్మీనారాయణ గారి గొంతు తడబడింది. "మరి నది?"

"నది రాలేదు సార్. మేమొచ్చినం. నాలుగు వందల మందిమి."

ఆయన కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. లోయను కొత్తగా చూస్తున్నట్టు చాలాసేపు చూశారు. "ఇన్ని ఆదివారాలు నా ఉపన్యాసం విన్నావే! ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"మీరు పులిహోర మొయ్యమన్నరు సార్. మోసిన."

సుభద్రమ్మ కిసుక్కున నవ్వింది. ఆయన ఆమె వైపు కోపంగా చూడబోయి తనూ నవ్వేశారు. నడుము వంచి కరపత్రాలన్నీ ఒక్కొక్కరి చేతిలోంచి వెనక్కి తీసుకున్నారు.

రేంజర్ మాత్రం తన కాగితం తిప్పుతున్నాడు. "ఆఠ్‌వీఁ పాస్ హో?" అన్నాడు. ఎనిమిది పాసవ్వాలట. కాలేదన్నాను. అతను బాధగానే తలాడించాడు. నిబంధన అతను పెట్టింది కాదు. మిగతా ఇద్దరి వైపు తిరిగాడు.

అంతే. నేను బుట్ట ఎత్తుకున్నాను. ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. అప్పుడు వెనక నుంచి నేహా గొంతు వినిపించింది.

"సర్, లడ్‌కియాఁ నహీఁ రఖ్తే క్యా?"

ఆడపిల్లల్ని పెట్టుకోరా అని అడుగుతోంది. రేంజర్ ఆగాడు.

"మైఁ దస్‌వీఁ పాస్ హూఁ. అఠారహ్ కీ హో గయీ." పది పాసయ్యాను, పద్దెనిమిది నిండాయి అంటోంది. దాని చేతిలో కరపత్రం నాలుగు మడతలైంది. "రాస్తా భీ జాన్‌తీ హూఁ, పక్షీ భీ."

రేంజర్ నవ్వి, మరి ఆ దిబ్బ గురించి ఏం చెబుతావన్నాడు. "ఔర్ ఇస్ ఖంభే కే బారే మేఁ క్యా బోలోగీ?"

"మైఁ నహీఁ, సర్. జిన్హోఁనే ఖోదా హై, వహీ బోలేంగే."

తవ్వినవాళ్లే చెబుతారు అంది. అని నా మోచెయ్యి పట్టుకుంది. ఆ లోయ అంచున గట్టి చోటేదో, పెళుసు చోటేదో అంతా తెలిసిన నాకు ఆ క్షణాన కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

తిరుగుదారిలో మమ్మల్ని అందరినీ రేంజర్ దాని వెనకే నడిపించాడు. అదే దాని పరీక్ష.

ఇంటికొచ్చి నేహా చెప్పులు కూడా విడవకుండా తల్లి ఎదురుగా నిలబడింది. "మమ్మీ, తూ భీ?"

గౌరి నా మొహం చూసింది. విషయం అర్థమైంది. "నేనే గాదు, నువ్వు గూడ. నెలలు నిండేదాంక మోసిన. తట్ట నెత్తి మీద, నువ్వు కడుపుల."

నేహా ఇంకా దగ్గరికి జరిగింది. తల్లి నడినెత్తి మీద, తట్ట ఆనిన చోట జుట్టు పలచబడి ఉంటుంది, అక్కడ అరచెయ్యి పెట్టింది. నేను బయటికి వచ్చి, రాని కారుకి గేటు తీశాను.

మార్చిలో మోదుగులు పూశాయి. అడవిలో ఆకులు తక్కువ, పూలు ఎక్కువ. నేహా ఖాకీ టోపీ పెట్టుకుని మొదటి గుంపును తీసుకెళ్లిన ఆదివారం ముప్పైమంది వచ్చారు. పరీక్షలయ్యేదాకా ఆదివారాలు మాత్రమే అని ముందే మాట తీసుకుంది. పరీక్షలయ్యాక కాలేజీ, ఆదివారాలూ రెండూ చేస్తానంటోంది. లక్ష్మీనారాయణ గారు కొత్త కరపత్రం రాశారు. దాని కోసం రెండు వారాలు నా గేటు దగ్గరికి కుర్చీ తెచ్చుకుని కూర్చుని, ఒక్కో మాటా నన్నడిగి రాసుకున్నారు. ఎవరైనా హారన్ కొడితే, "కాసేపు ఆగవయ్యా, పనిలో ఉన్నాం!" అని కసిరేవారు.

ఆ రోజు బుట్ట ఉమాశంకర్ మోశాడు. వడలు మళ్లీ కోతుల పాలయ్యాయి.

గౌరి కూడా వచ్చింది. పదిహేడేళ్ల తర్వాత. అంచు దగ్గర నిలబడి కిందికి చూసి, "ఇంత లోతు తవ్వినమా?" అంది.

"తవ్వినం."

నేహా పిట్టల గురించి చెప్పింది, మోదుగుల గురించి చెప్పింది. ఆ తర్వాత అందరినీ నా వైపు తిప్పింది. నేను సాక్షి గురించి చెప్పాను. ఫొటోలు తీసుకున్నారు. ఎంతమంది చచ్చిపోయారని ఒకాయన అడిగాడు, చెప్పాను. ఎన్నేళ్లు పట్టిందని ఇంకొకాయన అడిగాడు, అదీ చెప్పాను.

సుభద్రమ్మ ఒక్కతే లోయను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూస్తోంది.

"అది సరే నాయనా, ఇంత మట్టీ ఎక్కడ పోశారు?"

ఆ మాట అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. నేను ఉత్తరం వైపు చెయ్యి చూపించాను. ఎండకి మసకగా, దూరంగా, ఊరు కనబడుతోంది. మేడల వరసలు, ఇంకా లేస్తున్న మేడల మీద క్రేన్లు.

"అగో అమ్మా. లారీలన్నీ అటే పోయినయి. ఎర్ర ఇసుక. గోడలల్ల, వంతెనలల్ల కలిసింది. మన ఫ్లాట్లల్ల గూడ ఉంటది."

సుభద్రమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆలోచించింది. "అయితే మా బాత్రూం గోడ కూడా నీ ఇసుకేనా?"

"అయ్యుండొచ్చమ్మా."

"రెండేళ్లుగా పెచ్చులూడుతోందయ్యా! ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నాను!"

అందరూ గొల్లుమన్నారు. నేహా టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మీనారాయణ గారు కర్ర మీద ఆనుకుని నవ్వుతున్నారు. నా నవ్వు నాకే వినబడింది.

గౌరి మాత్రం నవ్వలేదు. కొంగు నడుముకి దోపుకుని సుభద్రమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"మా ఇసుక మంచిదే అమ్మా. సిమెంటు ఎంత కలిపిండ్రో, అది అడుగుండ్రి."